గడప యొద్దకు వచ్చిన ఆరోగ్యము



రోగము వచ్చిన పిదప వైద్యుని వెదకుట లోకసహజము. నొప్పియే మనలను లేపి వైద్యశాలకు నడిపించును. రోగము రాకమునుపే దేహమును పరీక్షింపజేసికొనుటకు మాత్రము మనలను తొందరపెట్టు నొప్పి యేదియు లేదు. అందువలననే ఆ పని నేటినుండి రేపటికి, రేపటినుండి ఎల్లుండికి జరుగుచుండును. భర్తకు జ్వరము వచ్చినచో ఒక పూటలో మందు వచ్చును. బిడ్డకు దగ్గు వచ్చినచో ఇంటికంతటికి నిద్రయుండదు. గృహిణికి తల తిరిగినచో "ఎండ తగిలినది" అని మజ్జిగ త్రాగి మరల వంటయింటికి పోవును. ఈ నెల నేను వ్రాయదలచినది ఆ గృహిణిని గూర్చియు, ఆమె యొద్దకు వైద్యమే నడచి వచ్చు మార్గమును గూర్చియు.

వైద్యశాల యెంత దూరమని యడిగినచో మనము కిలోమీటర్లలో చెప్పుదుము. స్త్రీకి ఆ దూరము అట్లు కొలువదగినది కాదు. పోయిననాడు వంట యెవరు చేయుదురు? కూలికి పోవుదానికి ఆనాటి కూలి యెవరిత్తురు? వెంట వచ్చు మనిషి యెవరు? అచ్చట పురుషవైద్యుడున్నచో నోరు విప్పి చెప్పుట యెట్లు? ఇన్నింటికి ఉత్తరము దొరకినగాని ఆమె గడప దాటదు. ఒంట్లో బాగుగా నున్న దినమున ఇన్ని ఉత్తరములు వెదకు నోపిక యెవరికి గలదు? కావున రోగనివారణకు వైద్యశాలలు కట్టినంతమాత్రమున చాలదు. అది యింటింటికి నడచి రావలయును.

ఇది ఊహామాత్రము గాదు. తెలంగాణమునకు పొరుగున, ప్రాణహిత కావలి యొడ్డున, మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లా యున్నది. అచ్చట డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు 39 గ్రామములలో, అయిదు మొదలు పది తరగతులవరకు చదివిన ఊరి స్త్రీలకే శిక్షణ నిప్పించిరి. వారు పురిటియింటికి పోయి శిశువును తూచి, వెచ్చగా నుంచు విధమును తల్లికి నేర్పి, ఊపిరి యాడని శిశువునకు సాయపడి, క్రిములు సోకిన లక్షణములు గన్పట్టినచో మందు నిచ్చిరి. మూడవ సంవత్సరమునకు, ఇట్టి సేవలేని పొరుగు గ్రామములతో పోల్చి చూడగా, నెలలోపు శిశువుల మరణములు నూటికి 62 వంతులు తగ్గినవి. ఈ ఫలితము 1999లో 'లాన్సెట్' అను వైద్యపత్రికయందు ప్రకటింపబడెను. అచ్చట క్రొత్తగా కట్టిన పెద్ద ఆసుపత్రి యేదియు ఈ పని చేయలేదు. తల్లికి తెలిసిన ముఖమొకటి, తల్లి మాట్లాడు భాషలోనే మాట్లాడుచు, వేళకు తలుపు తట్టినది. అంతియే.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆరంభమైనప్పుడు ఆశా కార్యకర్తల యేర్పాటు జరిగెను. నేడు దేశమంతట వారు సుమారు 10 లక్షలమంది గలరు. 2011 నుండి పసిబిడ్డలను ఇంటికి వచ్చి చూచు విధి వారికి ఒప్పగింపబడినది. ఆసుపత్రిలో ప్రసవమై వచ్చిన తల్లి యింటికి 3, 7, 14, 21, 28, 42వ దినములలో వారు రావలయును. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీరిని గౌరవించినది. ఇంటింటికి తిరిగిన చుక్కల మందు సంగతి మీకు తెలియనిది కాదు. మనదేశమున కడపటి పోలియో 2011 జనవరిలో గనబడెను. 2014 మార్చిలో దేశము పోలియోలేనిదని ప్రకటింపబడెను. బిడ్డల విషయమున మన తలుపులు బాగుగనే తెరచుకొన్నవి.

అయితే అదే తలుపు తల్లి విషయమున సగమే తెరచుకొనుచున్నది. మా వీధిలో ఇట్టి సంభాషణము తరచుగ వినబడును.

"అక్కా, ఒక్క నిమిషం కూర్చోండి, బీపీ చూస్తాను."

"నాకేం రోగమమ్మా? పిల్లల టీకాలన్నీ అయిపోయాయిగా. మావయ్యగారికి చూడు."

మాట ముగియును, తలుపు మూయబడును. ఈ మాటలోని త్యాగమును మనము మెచ్చుకొందుము. కాని దాని ఫలితమును లెక్కలు చెప్పుచున్నవి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. 30 మొదలు 49 ఏండ్లవారిలో గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకై జీవితమున ఒక్కసారియైన పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దరైనను లేరు!

ఈ క్యాన్సరును గూర్చి నాలుగు మాటలు సిగ్గు విడిచి చెప్పవలయును. ఇది ఒక్కనాట పుట్టునది గాదు. సామాన్యముగా పదునైదు ఇరువది యేండ్లు మెల్లమెల్లగ పెరుగును. తొలిదశలో నొప్పి యుండదు. అప్పుడు గుర్తించినచో చిన్న చికిత్సతో తొలగిపోవును. గుర్తించుటకు గొప్ప యంత్రములును అక్కరలేదు. నీరు కలిపిన వినెగరు వంటి ద్రవమును దూదితో అద్ది ఒక నిమిషము చూచినచో, మార్పు చెందిన చోటు తెల్లబడి కంటికి గనబడును. దాని నేర్పును వైద్యురాలే గాక శిక్షణ పొందిన కార్యకర్తయు సంపాదింపగలదు.

ముంబయి నగరపు మురికివాడలలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో ఈ పరీక్షను ఆరంభించిరి. 35 మొదలు 64 ఏండ్ల స్త్రీలు సుమారు ఒక లక్షయేబదివేలమంది ఇందు చేరిరి. సగము మందికి వ్యాధి లక్షణములను బోధించిరి. తక్కిన సగమునకు బోధతోబాటు రెండేండ్ల కొకసారి చొప్పున నాలుగు పర్యాయములు పరీక్షయు జరిపిరి. పరీక్షించినవారు వైద్యులు గారు, పదవ తరగతి చదివి శిక్షణ పొందిన స్త్రీలు. పిలిచినవారిలో నూటికి 89 మంది వచ్చిరి. పరీక్ష జరిగిన వర్గమున ఈ క్యాన్సరు మరణములు నూటికి 31 వంతులు తక్కువైనవి. వినుటకంటె పరీక్ష చేయించుకొనుటయే ప్రాణము నిలుపునని దీనివలన స్పష్టము. అయినను ఇంకొక మాట గలదు. అనుమానముండి రెండవ పరీక్షకు రమ్మన్న వారిలో అయిదింట ఒకరు రాలేదు! తెలిసికొని ఊరకుండుట తెలియకుండుటకంటె మేలేమియు గాదు.

కావున, అమ్మలారా, 30 ఏండ్లు నిండిన ప్రతి స్త్రీయు ఆశా కార్యకర్త వచ్చినప్పుడు పీట వేసి కూర్చుండబెట్టి, తన పేరును తానే వ్రాయించవలయును. రక్తపోటు, చక్కెర, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము – ఈ అయిదింటిని గూర్చి ప్రభుత్వపు ఆరోగ్య కేంద్రములలో పరీక్షించు పథకము గలదు. ఏ దినమున, ఏ కేంద్రమున, స్త్రీయే పరీక్షించునా అని ఆమెను నిస్సంకోచముగ అడుగుడు. ఒంటరిగ పోవ సంకోచమైనచో పొరుగింటి వారిని కూడగట్టుకొని నలుగురు కలిసి పొండు. పేరంటమునకు పిలిచికొనుట తెలిసిన మనకు ఇది యొక కష్టమా? రెండవమారు రమ్మన్నచో తప్పక పొండు.

అత్తగారలకు ఒక మనవి. కోడలు పరీక్షకు పోవు దినమున ఆ పూట వంట మీరు చూచుకొనుడు. మీ పరీక్షనాడు ఆమె చూచుకొనును. చదువుకొన్న సోదరీమణులు తమ యింట పనిచేయు స్త్రీకి ఆ దినపు జీతము కోయక పంపుడు. ఆమె దేహమును మన దేహమువంటిదే.

ఇంటికి వచ్చు ఆ కార్యకర్తను గూర్చియు ఒక్కమాట. జాతీయ పథకమున ఆమెను ఉద్యోగినిగా గాక స్వచ్ఛంద సేవికగా నెంచి, చేసిన పనినిబట్టి పారితోషికము నిచ్చు పద్ధతి యున్నది. ఎండలో వీధులు తిరిగి వచ్చినదానికి గ్లాసుడు నీరిచ్చి, నీడన కూర్చుండబెట్టి, అడిగినదానికి నిజము చెప్పుట మనము చేయగలిగిన కనీసపు మర్యాద.

ఈ పుట చదివిన వెంటనే ఒక పని చేయుడు. మీ వీధికి వచ్చు ఆశా కార్యకర్త పేరేమియో, ఆమె మరల వచ్చు దినమెప్పుడో తెలిసికొని, పాలలెక్క వ్రాసికొను క్యాలెండరుమీదనే గుర్తు పెట్టుకొనుడు.