కంట్లో నెత్తురు, చేతికి చుక్కల సీసా

షుగరు మనిషికి కంట్లో రక్తం దిగితే "ఖర్మ" అంటారేమిటి? నెత్తురు సరిగా అందక రెటీనా ఏళ్లపాటు అల్లాడితే, ఆ కరువులో కొత్త రక్తనాళాలు పిచ్చిమొక్కల్లా మొలుస్తాయి. వాటి గోడలు పలచన. అందులో ఒకటి చిట్లుతుంది. మరి అన్నేళ్లూ మన వైద్యం ఏం వెలగబెట్టింది? చీటీ మీద షుగరు అంకె రాసింది. కంటిపాప పెద్దదయ్యే మందు వేసి లోపలికి తొంగిచూసిన నాథుడు లేడు. టైప్ 2 అని తేలినప్పుడే రెటీనా చూపించాలి. చూపు బాగున్నా సరే. 2018లో తెలంగాణ కంటి వెలుగు పెట్టి ఊరూరా కళ్లజోళ్లు పంచింది. మంచిదే. కళ్లజోడుతో ఈ జబ్బు ఆగదు.

రక్తం దిగాక అసలు ఘోరం మొదలు. "అదే కరుగుతుంది, చుక్కలు వేసుకుని నెలకు రండి." కంటి లోపలి జెల్లీలో చేరిన రక్తాన్ని ఏ చుక్కల మందూ కరిగించదు! కొన్నిసార్లు దానంతటదే తగ్గుతుంది, నిజమే. తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే రక్తం కిందికి జారి రెటీనా కాస్త కనబడుతుంది, అదీ నిజమే. కానీ రక్తం అడ్డొచ్చి లోపల కనబడనప్పుడు అల్ట్రాసౌండ్ చేయకుండా ఆగమనడం వైద్యం కాదు, గుడ్డి పందెం. ఆ ఎర్రటి తెర వెనక రెటీనా ఊడి ఉంటే నెల గడువు ఎవరిచ్చారు?

"లేజరు చేయించినా చూపు పెరగలేదు" అని మధ్యలో మానేసినవాళ్లను తిట్టడం మనకు తేలిక. కొత్త నాళాలను అణచే లేజరు ఉన్న చూపును కాపాడటానికేనని వాళ్లకు ముందే చెప్పిందెవరు? అది తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని అమెరికాలో 1976లోనే తేల్చారు.

ఇక దిగిన రక్తానికి కంట్లోకి వేసే ఇంజెక్షనా, రక్తం చేరిన జెల్లీని తీసేసే విట్రెక్టమీ ఆపరేషనా? 2020లో వెలువడిన అమెరికా పరిశోధనలో 24 వారాల సగటు చూపులో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆపరేషన్‌తో మాత్రం చూపు త్వరగా తేరుకుంది. ఇంజెక్షన్లకైతే మళ్లీ మళ్లీ రావాలి. ఆదిలాబాద్ మారుమూల నుంచి కూలి పోగొట్టుకుని బస్సెక్కే మనిషి ఒకటి రెండు వేయించుకుని మానేస్తే జబ్బు మరింత ముదురుతుంది. అతని బస్సు ఛార్జీ అడక్కుండా రాసే చీటీ ఏం చీటీ?

రెండో కన్నూ అదే షుగరును మోస్తోంది. దాన్ని ఆ రోజే చూడాలి, కొత్త నాళాలు కనబడితే లేజరుకు జాగు చేయకూడదు. నేను చూసిన చీటీల్లో ఆ కంటి ఊసే లేదు.