“దేనికి నాయనా ఇది?”

మాది బంగారుపాళ్యం. మామిడి మీద బతికే కుటుంబం. కాయ కోసే ముందే ఆ రోజు మండీలో ధరెంతని నలుగురిని విచారిస్తాడు మా నాయన. అదే మనిషి ఆస్పత్రి కాగితం చూస్తే మాత్రం “చదువుకున్నోళ్ళు చెప్తే మంచికే గదా” అని సంతకం పెట్టేస్తాడు.

పోయిన ఏడు ఆరోగ్య సర్వేకి మేం కొందరం ఒక పల్లెకు పోయినాం. ఒక అవ్వ “దేనికి నాయనా ఇది?” అని అడిగింది. ఎండ మండుతా ఉంది, ఇంకా ఇరవై ఇండ్లు మిగిలినాయి. “ఏం లేదవ్వా, ఊరికే” అని వేలిముద్ర వేయించినాను. క్షయకు మందులు మింగుతున్నానని ఆమె మెల్లగా చెబితే, రాసుకుంటూ పైకే చదివినాను. వాకిట్లో నలుగురున్నారు. అవ్వ తల దించుకునింది.

ఇది నా ఒక్కడి తప్పే అయితే ఇక్కడ రాయను. 2009లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. కొందరు బాలికలు మరణించారన్న ఆందోళనతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాకపోవచ్చునని విచారణ సంఘం అభిప్రాయపడింది. కానీ అంగీకార పత్రాల మాటేమిటి? పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు! టీకా మంచిదే కావచ్చు. బిడ్డ మాత్రం వార్డెను బిడ్డ కాదు గదా?

ఇంటింటా వివరిస్తూ కూర్చుంటే పరిశోధన సాగదని కొందరు మిత్రుల వాదన. ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఒకసారి మోసపోయామనుకున్న ఊరు, రేపు నిజంగా మేలు చేసే మందు తెచ్చినా తలుపు తీయదు. ఏ దశలోనైనా తప్పుకునే హక్కు పాల్గొనేవారికి ఉందని వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ సంగతి అవ్వకు చెప్పవలసింది మనమే.

కనుక అధ్యాపకులకు, తోటి విద్యార్థులకు నా మనవి. సర్వేకి పోయే ముందు ఒక పూట దీనికి కేటాయించండి. ఎందుకు అడుగుతున్నామో మన ఊరి మాటల్లో చెప్పాలి. జబ్బు సంగతి చాటుగా అడగాలి. కాగితం మీద పేరుకు బదులు నంబరు వేసి, పేర్ల జాబితా విడిగా భద్రపరచాలి. “వద్దు” అంటే దండం పెట్టి పక్కింటికి పోవాలి.

ఆ అవ్వ ఇంటికి నేను మళ్ళీ పోవాలి. ఈసారి ఆమె ప్రశ్నకు జవాబు చెప్పి రావాలి.