వీధికెక్కిన విన్నపాలు

కడప జిల్లా కలమళ్లలో రేనాటి చోళరాజు ధనంజయుని కాలపు శాసనం ఒకటి ఉన్నది. క్రీ.శ. 575 ప్రాంతానికి చెందిన ఆ శాసనమే తొలి తెలుగు శాసనమని చరిత్రకారులు చెబుతారు. ఆ రాతి మీద రాజుగారి పేరున్నది గాని బొమ్మ లేదు. ఆనాటి వారికి పేరు చాలునేమో! నేటి నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి తలెత్తి చూస్తే, పేరుతో తృప్తి పడేవారు ఎవరూ లేరని తెలుస్తుంది. విద్యుత్ స్తంభం నుండి చెట్టు కొమ్మకు, కొమ్మ నుండి బస్సు షెల్టరుకు, షెల్టరు నుండి బడి ప్రహరీకి ఫ్లెక్సీలు. వాటి నిండా ముఖాలే ముఖాలు.

ఈ ఫ్లెక్సీలకు ఒక కొలువు మర్యాద ఉన్నది. పై అంచున గుండ్రని వలయాలలో అగ్రనేతలు కొలువు తీరుతారు. నడుమ నమస్కరిస్తూ నిలువెత్తు నాయకుడు. ఆయన పక్కన శుభాకాంక్షలు తెలిపే అనుచరుడు. చెవి దగ్గర సెల్‌ఫోను, కళ్లకు నల్ల కళ్లద్దాలు. అడుగున తపాలా బిళ్లల వరుసలా చందాలిచ్చినవారు. ఎవరి ముఖం ఎన్ని అంగుళాలుండాలో నిర్ణయించడం సామాన్యమైన విద్య కాదు. బొమ్మ చిన్నదైనందుకు అలకలు, అసలే వేయనందుకు చించివేతలు, చించినందుకు పోలీసు ఠాణా ముందు బైఠాయింపులు దినపత్రికల జిల్లా పేజీలకు నిత్యవార్తలు. పుట్టినరోజు, పదవి, ఓణీల వేడుక, చివరకు మరణం కూడా ఫ్లెక్సీకి సందర్భమే. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో పోయినవారి కన్నా సంతాపం తెలిపేవారే ఎక్కువ చోటు ఆక్రమించడం కద్దు. ఇక భాష సంగతి చెప్పనవసరం లేదు. ‘హార్దిక’లోని దకారం ఒక్కో కూడలిలో ఒక్కో వేషం ధరిస్తుంది.

ఇంతకూ వీటిని ఎవరు చదవాలని కడతారు? దారిన పోయేవారి కోసమని అనుకుంటే అది అమాయకత్వం. ఆ ఫ్లెక్సీని చదవవలసినవాడు ఒక్కడే, నడుమనున్న ఆ నిలువెత్తు నాయకుడు. ఆయన కారు ఆ దారిన పోతున్నప్పుడు అద్దంలో నుండి ఒక్క చూపు పడితే ఖర్చు గిట్టుబాటైనట్లే. అది టిక్కెట్టు కోసమో, కాంట్రాక్టు కోసమో, కమిటీలో చోటు కోసమో పెట్టుకున్న అర్జీ. కవరులో పెట్టి పంపవలసిన దానిని వీధిలో వేలాడదీశారు, అంతే. ఊరి జనం కేవలం సాక్షులు. వారి సంతకం అక్కరలేదు, అంగీకారం అంతకన్నా అక్కరలేదు.

సాక్షులకు ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది. 2019 సెప్టెంబరు 12న చెన్నైలోని పల్లికరణై వద్ద స్కూటరు మీద వెళ్తున్న 23 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మీద ఒక పెళ్లి బ్యానరు ఊడిపడింది. ఆమె నేలకొరిగింది, వెనుక వస్తున్న నీటి ట్యాంకరు ఆమె మీదుగా పోయింది. ఆ పెళ్లితో ఆమెకు ఏ సంబంధమూ లేదు. మద్రాసు హైకోర్టు ఆగ్రహించింది. పార్టీల నాయకులు, సినీనటులు తమవారిని బ్యానర్లు కట్టవద్దన్నారు. నెల తిరగకముందే, మామల్లపురానికి వస్తున్న భారత ప్రధానికి, చైనా అధ్యక్షునికి స్వాగతం పలికే బ్యానర్ల కోసం తమిళనాడు ప్రభుత్వమే అదే హైకోర్టును ఆశ్రయించింది. నిబంధనలు పాటించమని చెప్పి కోర్టు అనుమతించింది.

కట్టేవారి గతి ఇంతకన్నా మేలుగా లేదు. 2020 సెప్టెంబరులో చిత్తూరు జిల్లా శాంతిపురం వద్ద అభిమాన నటుని పుట్టినరోజుకు ఫ్లెక్సీ నిలబెడుతూ ముగ్గురు విద్యుదాఘాతానికి బలైనారు. 2023 జూలైలో నరసరావుపేట సమీపాన ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, 2024 జనవరిలో కర్ణాటకలోని గదగ్ జిల్లాలో మరి ముగ్గురు యువకులు ఇదే విధంగా, ఇటువంటి పుట్టినరోజుకే ప్రాణాలు కోల్పోయారు. ఫ్లెక్సీ ఎత్తును బట్టి అభిమానాన్ని కొలిచే చోట, చేతిలోనిది ఇనుప చట్రమనీ, తల మీద తీగలున్నాయనీ ఆ రాత్రి హడావిడిలో ఎవరికి తోస్తుంది?

చట్టం లేదా అంటే ఉన్నది. బహిరంగ స్థలాల వికృతీకరణను నివారించే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే వచ్చింది. అయితే చట్టాన్ని అమలు చేయించవలసినవారే బొమ్మలో ఉన్నప్పుడు నిచ్చెన ఎక్కేదెవరు? ముఖం మీది మమకారం అంత తేలికగా పోయేది కాదు. ప్రభుత్వ ప్రకటనలలో రాష్ట్రపతి, ప్రధాని, భారత ప్రధాన న్యాయమూర్తుల చిత్రాలు మాత్రమే ఉండవచ్చునని సుప్రీంకోర్టు 2015 మేలో ఆదేశించింది. ప్రభుత్వాలు పునఃపరిశీలన కోరగా 2016 మార్చిలో గవర్నర్లకు, ముఖ్యమంత్రులకు, మంత్రులకు కూడా ఆ అవకాశం కల్పించింది. పత్రికలలో పది నెలలు కనబడకపోవడమే అంత దుర్భరమైతే, కూడళ్లను వదులుకోవడం ఎట్లా?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధాన్ని ప్రకటించింది. ముందు నవంబరు 1 నుండి అమలన్నారు. ముద్రణదారులు గడువు కోరగా 2023 జనవరి 26కు జరిపారు. ఆ కోరిక అన్యాయమైనదేమీ కాదు. అప్పు తెచ్చి యంత్రం కొన్నవాడికి వాయిదాలు కట్టే బాధ ఉంటుంది. అయితే అంతకు పూర్వం గోడల మీద, గుడ్డ బ్యానర్ల మీద కుంచెతో రాసి బతికినవారు ఊరూరా ఉండేవారు. అక్షరం వంపు చూసి రాసినది ఎవరో ఊరివారు చెప్పగలిగేవారు. కంప్యూటరు ముద్రణ వచ్చి వారి కుంచెలు ఎండిపోయినప్పుడు ఎవరూ వారికి గడువు ఇవ్వలేదు. నిషేధం మాట ఏమైనా, కూడళ్లు మాత్రం ఖాళీ కాలేదు.

ఫ్లెక్సీ అంటే పాలిస్టరు వల మీద పి.వి.సి. పూత పూసిన గుడ్డ. దాని మీది శుభాకాంక్షకు ఆయుష్షు మూడు రోజులు. గుడ్డకు మాత్రం చావు లేదు. నేలలో కలవదు, కాలిస్తే విషవాయువులు విడుస్తుంది. అందువల్ల పల్లెజనం దానికి వేరే పని కల్పించారు. కల్లంలో ధాన్యపు రాశి మీద, కురిసే పశువుల కొట్టం కప్పు మీద, టీ బడ్డీ తడికె మీద అది మరల దర్శనమిస్తుంది. ఎండకు వెలిసి, వానకు తడిసి, ఒక గేదెకు నీడనిస్తున్న నాయకుడు అక్కడ ఎవరికీ నమస్కరించనవసరం లేదు. ఆయన వల్ల ప్రజలకు కలిగిన ప్రత్యక్ష ప్రయోజనాలలో అది ఒకటి.

ఫ్లెక్సీలు తొలగించమంటే సిబ్బంది చాలరని మున్సిపల్ కార్యాలయాలలో చెప్పడం పరిపాటి. కాని ఎన్నికల షెడ్యూలు వెలువడిన క్షణం నుండి లెక్క మారుతుంది. ప్రభుత్వ కార్యాలయాల నుండి 24 గంటలలో, బహిరంగ స్థలాల నుండి 48 గంటలలో, ప్రైవేటు ఆస్తుల మీది అనధికార ప్రచారాన్ని 72 గంటలలో తొలగించాలన్నది ఎన్నికల సంఘం నియమం. ఆ చాలని సిబ్బందే, అవే నిచ్చెనలతో మూడు రోజులలో ఊరిని ఖాళీ చేస్తారు. అప్పుడు బడి పేరు కనబడుతుంది. మలుపు దగ్గర హెచ్చరిక పలక ఉన్నదని తెలుస్తుంది. బస్సు షెల్టరులో కూర్చోవడానికి ఒక బల్ల కూడా బయటపడుతుంది. ఓట్ల లెక్కింపు నాటి సాయంత్రం, తుది ఫలితం ఇంకా ప్రకటించకముందే, విజేతను అభినందించే మొదటి ఫ్లెక్సీ ఆ షెల్టరుకే కడతారు.