కొత్త డిస్క్ కొనే ముందు ఒక మాట

రెయిడ్ ఫైవ్ వేసుకో అని సలహా ఇచ్చిన సీనియర్లందరికీ ముందుగా ఒక నమస్కారం. నేను మీ మాట వినట్లేదు. ఎందుకు వినట్లేదో చెప్పడానికి వాట్సాప్ గ్రూప్ సరిపోదు కాబట్టి క్లబ్ పత్రికలో రాస్తున్నా. తెలుగు పత్రికలో హార్డ్ డిస్కుల గోల ఏంటి అనుకునేవాళ్ళు కొంచెం ఓపిక పట్టండి, చెరువు దాకా వస్తాను.

బొంతపల్లిలో మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ ఉంది. మానిటర్ లేదు, కీబోర్డ్ లేదు, బియ్యం డ్రమ్ము పక్కన ఒక మూలకి కూర్చుని డెబియన్ నడుపుకుంటూ ఉంటుంది. రెండు 1 టీబీ డిస్కులు రెయిడ్ వన్‌లో ఉన్నాయి. అంటే ఒకదానిమీద ఏం రాస్తే రెండోదానిమీదా అదే. ఒకటి చచ్చిపోయినా ఇంకొకటి పని నడిపిస్తుంది. ఆ జంట మీద ఎల్‌వీఎం. అందులో ఇంటిల్లిపాది ఫోన్లలో ఫోటోలు, వీరభద్రస్వామి జాతర వీడియోలు, నానమ్మ పాడిన బతుకమ్మ పాటల రికార్డింగులు, మన క్లబ్ పాత సంచికలు ఉన్నాయి. వీటన్నిటికంటే ఎక్కువగా చుట్టుపక్కల చెరువుల, వాగుల ఫోటోలు, వీడియోలు ఉన్నాయి. ఊళ్ళో చాలామంది ఫోన్ల నుంచి పోగైనవి. ఇప్పుడు డిస్క్ 93 శాతం నిండింది, పెంచాలి. "ఇంకో డబ్బా కొనాల్నా? ఉన్నది సరిపోతలేదా?" అని డాడీ అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

ఎల్‌వీఎం తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. దాన్ని గుమ్మి అనుకోండి. నాలుగు చెలకల నుంచి వచ్చిన వడ్లు ఒకే గుమ్మిలో పోస్తాం. తర్వాత ఇంటికి ఇంత, విత్తనానికి ఇంత అని కొలిచి తీస్తాం. ఏ గింజ ఏ చెలక నుంచి వచ్చిందో తీసేవాడికి అక్కర్లేదు. ఇక్కడ చెలకలు అంటే డిస్కులు, గుమ్మి అంటే వాల్యూమ్ గ్రూప్, కొలిచి తీసుకున్న వాటా లాజికల్ వాల్యూమ్. కొలపాత్ర మామూలుగా 4 ఎంబీ. లైనక్స్‌కి దీన్ని 1998లో హైన్జ్ మావెల్స్‌హాగెన్ అనే జర్మన్ రాశాడు. పెద్ద పెద్ద యూనిక్స్ మెషీన్లలో ఉన్న సౌకర్యం మనలాంటి వాళ్ళ పాత డబ్బాలోకి అలా వచ్చింది.

ఇప్పుడు చోటు పెంచడానికి దారులు. చాలామంది చెప్పే మొదటి దారి చాలా ఈజీ. ఒక కొత్త డిస్క్ తగిలించు, వీజీఎక్స్‌టెండ్ అని ఒక కమాండ్, ఎల్‌వీఎక్స్‌టెండ్ అని ఇంకో కమాండ్, అంతే. ఐదు నిమిషాల్లో చోటు డబుల్. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. నాకు దీనిమీదే అందరికంటే ఎక్కువ కోపం. కింద రెయిడ్ వన్ జంట ఉంది, పక్కన ఒంటరి డిస్క్ వచ్చి చేరింది, పైన ఒకే ఫైల్‌సిస్టమ్ ఆ రెండింటిమీదా పరుచుకుంది. ఆ ఒంటరి డిస్క్ పోయిందంటే ఫైల్‌సిస్టమ్ సగం నేల లేని ఇల్లు అయిపోతుంది. జంటగా పెట్టిన మిగతా రెండు డిస్కులు ఎంత ఆరోగ్యంగా ఉన్నా ప్రయోజనం లేదు. కమాండ్ ఈజీ అని ఒక్క రోజులో ఇన్నేళ్ళ జాగ్రత్త తీసేసినట్టే. అయినా ఇది చెప్పేవాళ్ళు 'వర్క్ అవుతుంది బ్రో' అంటారు. అవుతుంది, నేను కాదనట్లేదు.

రెండో దారి సీనియర్ల దారి, రెయిడ్ ఫైవ్. ఇంకో 1 టీబీ డిస్క్ చేర్చి, ఉన్న జంటని మూడు డిస్కుల రెయిడ్ ఫైవ్‌గా మార్చడం. ఎండీఎడీఎం ఈ పని డేటా ఉండగానే చేయగలదు, అది నిజంగా గొప్ప విషయం. రెయిడ్ ఫైవ్ లెక్క చిన్న పిల్లలకి కూడా చెప్పొచ్చు. ఒక చోట 5, ఒక చోట 7, మూడో చోట మొత్తం 12 రాసిపెట్టాం. ఏ ఒక్కటి చెరిగిపోయినా మిగతా రెండింటితో కనుక్కోవచ్చు. అసలు లెక్క కూడిక కాదు, ఎక్సార్. కానీ ఐడియా అదే. మూడు డిస్కులకి రెండు డిస్కుల చోటు దొరుకుతుంది. పరీక్షలో ఇది రాస్తే ఫుల్ మార్కులు.

కానీ పరీక్ష హాల్లో కరెంట్ పోదు, మా ఇంట్లో పోతుంది. 5 స్థానంలో 6 రాసి, మొత్తం 13 అని మార్చేలోపు కరెంట్ పోయిందనుకోండి. ఇప్పుడు లెక్క తప్పు. ఆ లెక్క మళ్ళీ సరిచేసేలోపే 7 ఉన్న డిస్క్ చచ్చిపోతే, 12 లోంచి 6 తీసేసి 'ఇది 6' అని ధైర్యంగా చెప్తుంది. దీన్ని రైట్ హోల్ అంటారు. దీనికి మందు లేకపోలేదు, జర్నల్ డిస్క్ అని ఇంకొకటి పెట్టొచ్చు. ఇంకొకటి పెట్టే డబ్బులుంటే అసలు ఈ గొడవే లేదు కదా.

నాకు అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. రెయిడ్ వన్ జంటలోంచి ఒక్క డిస్క్ ఊడదీసి ఏ లైనక్స్ మెషీన్‌కి పెట్టినా మొత్తం డేటా కనబడుతుంది. రెయిడ్ ఫైవ్‌లోంచి ఒక్క డిస్క్ తీస్తే అది పేపర్ వెయిట్. నేను వేరే ఊరికి ఉద్యోగానికి పోయిన తర్వాత, ఇంట్లో ఎవరో ఒకరు ఆ డబ్బా తీసుకుని పటాన్‌చెరులో ఏదో ఒక కంప్యూటర్ షాప్‌కి వెళ్తే, వాళ్ళకి ఒక్క డిస్క్‌తో పని అయిపోవాలి.

అసలు రెయిడ్ అన్న మాట 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పేపర్‌లోది. అందులో 'ఐ' అంటే ఇనెక్స్‌పెన్సివ్, చవకైనవి అని. తర్వాత డిస్కులు అమ్మేవాళ్ళు దాన్ని మెల్లగా 'ఇండిపెండెంట్' చేసేశారు. చవక అనే మాట ఎవరికి నచ్చుతుంది!

మూడో దారి నాది. రెండు కొత్త 4 టీబీ డిస్కులు కొని, వాటితో ఇంకో రెయిడ్ వన్ జంట కట్టాలి. దాన్ని గుమ్మిలో చేర్చి, పీవీమూవ్ అనే కమాండ్‌తో పాత జంటమీద ఉన్నదంతా కొత్త జంటమీదికి జరపాలి. తర్వాత పాత జంటని గుమ్మిలోంచి తీసేసి, ఫైల్‌సిస్టమ్‌ని సాగదీయాలి. ఈ పని జరుగుతున్నంత సేపూ సర్వర్ నడుస్తూనే ఉంటుంది, అమ్మ ఫోన్‌లోంచి ఫోటోలు ఎక్కుతూనే ఉంటాయి. మధ్యలో కరెంట్ పోతే మళ్ళీ వచ్చాక ఒట్టి పీవీమూవ్ అని కొడితే ఆగిన చోటు నుంచి మొదలుపెడుతుంది. రెండు డిస్కులు ఒకేసారి కొనడమంటే మా ఇంట్లో చిన్న ఖర్చు కాదు. అందుకే ఒక సెమిస్టర్ ఆగుతాను, అప్పటిదాకా పనికిరాని సినిమాలు తీసేస్తాను.

ఎల్‌వీఎం అంటే చోటు పెంచే పనిముట్టు అని అందరూ అనుకుంటారు. నా లెక్కలో అది ఇల్లు మారే పనిముట్టు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే చెరువు దగ్గరికి రావాలి.

మన పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలో ఫ్యాక్టరీల నీళ్ళ మీద సుప్రీంకోర్టులో కేసు పడింది 1990లో. అది తర్వాత హైకోర్టుకి, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కి చేరి 2017 దాకా నడిచింది. ఇరవై ఏడేళ్ళు. నేను పుట్టకముందు మొదలై నేను స్కూల్లో ఉండగా ముగిసిన కేసు. మధ్యలో 2007లో స్వీడన్ పరిశోధకుడు లార్సన్, ఆయన తోటివాళ్ళు ఒక పేపర్ వేశారు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని అందులో తేల్చారు. 2017లో గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తేలాయి. ఇవన్నీ ఊళ్ళో పెద్దవాళ్ళు చూసినవే. వాసన ఏ రోజుల్లో ఎక్కువ ఉంటుందో, వాన పడిన రాత్రి వాగు రంగు ఎలా మారుతుందో వాళ్ళకి నోటి లెక్క. కానీ కోర్టు నోటి లెక్క అడగదు, తేదీ అడుగుతుంది.

ఇప్పుడు ఒక ఊహ. 1990లో ఎవరో ఆ చెరువు ఫోటోలు కంప్యూటర్‌లో పెట్టారనుకోండి. అప్పటి పీసీ డిస్క్ పదుల ఎంబీల్లో ఉండేది. ఆ ఫోటోలు 2017లో బల్లమీద పెట్టాలంటే ఎన్ని డిస్కులు మారాలి? ఐదారేళ్ళకి ఒక డిస్క్ అనుకున్నా నాలుగైదు సార్లు ఇల్లు మారాలి. మధ్యలో కేబులే మారిపోయింది, వెడల్పాటి ఐడీఈ పట్టీ పోయి సాటా వచ్చింది. ఊరి సాక్ష్యం బతకాల్సిన కాలం డిస్క్ బతికే కాలం కంటే చాలా పెద్దది. అందుకే 'ఇంకా ఎంత చోటు' అని కాకుండా 'ఎన్నిసార్లు మారగలం' అని అడగాలని నా వాదన. ఒంటరి డిస్కులు ఒకదాని పక్కన ఒకటి అతికించుకుంటూ పోతే పదేళ్ళకి అందులో ఏది ముసలిదో, ఏది పోతే ఏం పోతుందో చెప్పలేం. జంటకి జంట మార్చుకుంటూ పోతే ఎప్పుడూ చేతిలో కొత్త జంట, పక్కన పాత జంట ఉంటాయి.

గూగుల్‌లో పెట్టొచ్చు కదా అంటారు. పెట్టండి, నేనూ పెడతాను. కానీ గూగుల్ ఫోటోస్‌లో ఎంతైనా ఫ్రీ అన్న మాట 2021 జూన్‌తో అయిపోయింది, ఇప్పుడు 15 జీబీ. ఎవరి దయ మీదైనా ఒకే కాపీ ఉండటం మంచిది కాదని సాహిత్యం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా గుర్తుందా? చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి ట్యూరింగ్ అవార్డు దాకా వెళ్ళిన రాజ్ రెడ్డి గారి పది లక్షల పుస్తకాల కలలో అదొక భాగం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా ఆ పనిలో ఉంది. ఎన్ని తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయో! 2017లో ఆ సైట్ ఆగిపోయింది. ఈరోజు మనం ఆ పుస్తకాలు చదవగలుగుతున్నామంటే ముందే కొందరు వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించి పెట్టినందువల్ల. అక్కడి సర్వర్లకి ఏ రెయిడ్ ఉన్నా అది ఈ పని చేయలేదు. రెయిడ్ డిస్క్ చావుని ఆపుతుంది, తాళం పడటాన్ని ఆపదు. పొరపాటున డిలీట్ కొడితే రెండు డిస్కుల్లోనూ ఒకేసారి, చాలా విధేయంగా డిలీట్ చేస్తుంది.

కాబట్టి పీవీమూవ్ అయ్యాక మిగిలే పాత 1 టీబీ డిస్కుల్ని నేను ఓఎల్‌ఎక్స్‌లో అమ్మను. ఒకటి చెరువు ఫోటోల కాపీతో సంగారెడ్డిలో పెద్దమ్మ వాళ్ళ బీరువాలోకి. ఇంకొకటి, ఒప్పుకుంటే, క్లబ్ గదికి. ఆరు నెలలకి ఒకసారి తెచ్చి, తగిలించి, చెక్‌సమ్ చూసి మళ్ళీ పంపిస్తాను. చెక్‌సమ్ ఎందుకంటే, రెయిడ్ వన్‌లో రెండు కాపీలు వేరువేరుగా ఉంటే ఏది నిజమో దానికి తెలియదు. డెబియన్ ప్రతి నెల మొదటి ఆదివారం రెండింటినీ పోల్చి చూస్తుంది గానీ తీర్పు చెప్పలేదు. (జెడ్‌ఎఫ్‌ఎస్ చెప్పగలదు కదా అనేవాళ్ళు ఉన్నారు. నిజమే. అందులో ఒక్కో డిస్క్ కలుపుతూ రెయిడ్‌ని పెంచే సౌకర్యం 2025లోనే వచ్చింది, ఇంకొన్నాళ్ళు చూస్తా.)

కొనేటప్పుడు రెండు సంగతులు. సికింద్రాబాద్ సీటీసీకి పోతే రెండు డిస్కులూ ఒకే పెట్టెలోంచి తీసి ఇస్తారు. వద్దనండి. ఒకే రోజు తయారై, ఒకే రోజు మొదలై, ఒకేలా అరిగేవి ఒకే వారంలో పోవచ్చు. వేరే కంపెనీది ఒకటి తీసుకోండి. రెండోది, అది సీఎంఆరా, ఎస్ఎంఆరా అని అడగండి. ఎస్ఎంఆర్‌లో గీతలు ఇంటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి, కింది పెంకు మార్చాలంటే పైవి లేపాలి. రెయిడ్‌కి ఇది ప్రాణం మీదికి తెస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఇలాంటివని బయటపడి పెద్ద గొడవే అయింది. షాప్‌లో అబ్బాయికి తెలియకపోతే మోడల్ నంబర్ వెతికి చూసుకోండి.

ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు దాని వెనక యూపీఎస్ మోడ్ అనే చిన్న స్విచ్ ఉందేమో చూడండి. అది వేయకపోతే కరెంట్ మారే ఆ రెప్పపాటులో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది, ఫ్యాన్ మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతుంది.

ఇంకొకటి నాకు సరిగ్గా తేలలేదు, మీరే చెప్పాలి. 2016 అక్టోబర్‌కి ముందు మా ఊరు మెదక్ జిల్లా, ఆ తర్వాత సంగారెడ్డి. మండలం కూడా జిన్నారం నుంచి గుమ్మడిదలకి మారింది. పాత ఫోటోలని ఏ ఫోల్డర్‌లో పెట్టాలి? ప్రస్తుతానికి జిల్లా పేరు తీసేసి చెరువు పేరు, తేదీ మాత్రమే పెడుతున్నా. ఏ డిస్క్‌లో ఏముంది, ఏ క్రమంలో తగిలించాలి అన్నది తెలుగులో కాగితం మీద రాసి డబ్బా లోపల అతికించాను. చదవాల్సింది డాడీ.

మీ ఇళ్ళల్లో కాజీపల్లి, గడ్డపోతారం, బొల్లారం, బొంతపల్లి వైపు చెరువుల పాత ఫోటోలుంటే పంపండి. పెళ్ళి ఆల్బమ్‌లో వెనక చెరువు కనబడినా పర్లేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోయి, తీసిన తేదీ కూడా పోతుంది. 'డాక్యుమెంట్' అని ఎంచుకుని ఒరిజినల్ ఫైల్ పంపండి. 93 శాతమే నిండింది, ఇంకా చోటుంది.