ట్రక్కులో జనరేటరు, ట్రైలర్లో అత్తయ్య

మా ఇంట్లో ఒక జనరేటరు గురించి జరిగినంత వాదన మా ఆడపడుచు పెళ్ళి గురించి కూడా జరగలేదు. ఇప్పుడు వాదన అయిపోయింది కాబట్టి రాస్తున్నాను. జరుగుతున్నప్పుడు రాసుంటే మా వారు ఊరుకునేవారు కాదు.

మేం డాలస్ దగ్గర ఉంటాం. మూడేళ్ళ క్రితం ఒక పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నాం. అదేంటో తెనాలిలో ఉన్న మా చెల్లికి ఫోన్లో చెప్పడానికి నాకు అరగంట పట్టింది. చక్రాల మీద ఒక పొడుగాటి గది, ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్తాం, లోపల మంచాలు, స్టవ్వు, ఫ్రిజ్జు, బాత్రూము అన్నీ ఉంటాయి అన్నాను. "సర్కస్ వాళ్ళ బండిలాగానా అక్కా?" అంది. దాదాపు అంతే.

ఆ గదికి కరెంటు రెండు రకాలు. లైట్లు, నీళ్ళ మోటారు, హీటర్లో ఫ్యాను ఇవన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీద నడిచిపోతాయి. ఏసీకి, మైక్రోవేవ్‌కి మాత్రం ఇంట్లోలాగే 120 వోల్టులు కావాలి. క్యాంపుగ్రౌండ్‌లో స్తంభం ఉన్న సైటు తీసుకుంటే వైరు గుచ్చేస్తే సరిపోతుంది. స్తంభం లేని చోట, చెట్ల కింద, చెరువు ఒడ్డున ఉండాలంటే జనరేటరు ఉండాల్సిందే. మా వారికి స్తంభం లేని చోట్లే ఇష్టం. "డబ్బులిచ్చి పార్కింగ్ లాట్‌లో పడుకున్నట్టుంటుంది" అంటారు స్తంభాల సైట్ల గురించి.

సరే, జనరేటరు కొన్నారు. పెద్దది. ఏసీ నడుస్తున్నప్పుడు తీసుకునేది పదిహేను వందల వాట్లకి అటూ ఇటూ అయినా, మొదలయ్యే క్షణంలో దాదాపు రెట్టింపు లాగుతుంది. ఆ క్షణం కోసం పెద్దది కావాలన్నారు. అది దాదాపు వంద పౌన్ల బరువు. మా వారి నడుము సంగతి నాకు తెలుసు. ట్రక్కులోకి ఎక్కించడానికి పక్కింటాయన సాయం వచ్చాడు. దింపడానికి అడవిలో పక్కింటాయన ఉండడు కదా. అందుకని అది ట్రక్కు వెనక తొట్టిలోనే గొలుసు కట్టుకుని ఉండిపోయింది, అక్కడే నడవడం మొదలుపెట్టింది. దొంగల భయం లేదు, వాన పడితే పైన కవర్ ఉంది, పెట్రోల్ వాసన ట్రైలర్లోకి రాదు అని మూడు కారణాలు చెప్పారు. మూడూ వినడానికి బాగానే ఉన్నాయి.

నేను చదివింది బి.ఏ. తెలుగు. వోల్టులూ ఆంపులూ నా సబ్జెక్టు కాదు. కానీ పుస్తకం చదవడం నా సబ్జెక్టే. ఆ జనరేటర్‌తో వచ్చిన పుస్తకంలో వాహనంలో పెట్టి నడపవద్దని ఉంది. చదివి వినిపించాను. "అది లాయర్ల కోసం రాస్తారు" అన్నారు. నేనూ అంతటితో ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం గురించే ఈ వ్యాసం.

పోయినేడు మే నెలాఖరున, మూడు రోజుల సెలవులకి, అత్తయ్యని తీసుకుని బయల్దేరాం. ఆవిడకి డెబ్భై నాలుగు, బీపీ ఉంది. చెరువు ఒడ్డుకి చేరేసరికి చీకటి పడింది. పొద్దున్నే వేరే చోటికి మారదాం అని ట్రక్కుని ట్రైలర్ నుంచి విడదీయలేదు. ఒక్కసారి బొమ్మ గీసుకోండి. ట్రైలర్ ముందు భాగంలో పడకగది. దానికి ముందువైపు కిటికీ. కిటికీకి అయిదారు అడుగుల దూరంలో ట్రక్కు తొట్టి. అందులో జనరేటరు. ఆ మంచం మీద అత్తయ్య, మా అమ్మాయి. అత్తయ్యకి ఎంత ఏసీ ఉన్నా కిటికీ రెండు వేళ్ళ సందు తెరవకపోతే ఊపిరాడనట్టు ఉంటుంది. తెనాలి అలవాటు.

రాత్రి పన్నెండున్నరకి ఆవిడ లేచి వచ్చారు. "అమ్మాయ్, తల బద్దలవుతోందే, కడుపులో తిప్పుతోంది" అన్నారు. దారిలో తిన్న పులిహోర పడలేదనుకున్నాను. వాము నీళ్ళు కాచి ఇచ్చాను. మా వారు కరోనా నాటి ఆక్సిమీటరు వేలికి పెట్టి చూశారు. 98 చూపించింది. "ఆక్సిజన్ బ్రహ్మాండంగా ఉందమ్మా, పడుకో" అన్నారు. ఆవిడ వెళ్ళి అదే కిటికీ పక్కన పడుకున్నారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడుతున్నాయి.

ఒంటిగంట దాటాక వంటగదిలో, నేలకి దగ్గరగా ఉన్న అలారం అరిచింది. అది కార్బన్ మోనాక్సైడ్ అలారం. పాత ట్రైలర్‌తో వచ్చిన దానికి గడువు అయిపోయి కీచుకీచుమంటుంటే, ఆ నెలలోనే పోరుపెట్టి కొత్తది మార్పించాను. నేను చేసిన ఒకే ఒక మంచి పని అది. అందరినీ బయటికి లాగాం, జనరేటరు ఆపాం, 911కి ఫోన్ చేశాం. వచ్చినవాళ్ళ దగ్గర వేరే రకం వేలి క్లిప్పు ఉంది. అత్తయ్యకి అక్కడే మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అమ్మాయికి తలనొప్పితో పోయింది. మర్నాడు మధ్యాహ్నానికి అత్తయ్య లేచి కూర్చుని కాఫీ అడిగారు.

ఆసుపత్రిలో నర్సు చెప్పింది నేను అందరికీ చెప్తున్నాను. మన ఇళ్ళలో ఉండే మామూలు ఆక్సిమీటరు ఈ విషాన్ని పట్టుకోలేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కార్బన్ మోనాక్సైడ్ కూర్చున్నా, ఆ యంత్రం రెంటినీ ఒకేలా చూసి 98 అంటుంది. ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. పొగ వాసన రావట్లేదు కాబట్టి ఏమీ లేదనుకోవడం పనికిరాదు. మన ఊళ్ళలో చలికాలం తలుపులేసుకుని బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని, పొద్దున్నకి లేవనివాళ్ళ వార్తలు చిన్నప్పుడు విన్నాం కదా, అదే ఇది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు గరాజుల్లో జనరేటర్లు, కార్లు నడిపి ఎంతమంది దీని బారిన పడ్డారో మేమే టీవీలో చూశాం. "అంత తెలియకుండా ఎలా ఉంటారు" అనుకున్నాం కూడా.

కాబట్టి నా అభిప్రాయం ఇది. జనరేటర్ని ట్రక్కులో మొయ్యండి, ట్రక్కులో నడపకండి. తలుపులకీ కిటికీలకీ కనీసం 20 అడుగుల దూరం అని సీడీసీ చెప్తుంది. పొగ గొట్టం మనుషులున్న వైపు కాకుండా పెట్టాలి. పడుకునేటప్పుడు ఆపెయ్యాలి. దింపలేనంత బరువు ఉన్నదాన్ని అసలు కొనకూడదు. 2200 వాట్ల చిన్నవి యాభై పౌన్లలోపే వస్తాయి, నేనే ఎత్తగలను. అలాంటివి రెండు కొని కలిపి నడపొచ్చు. ఏసీ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుని తగ్గించే చిన్న పరికరం బిగిస్తే చాలాసార్లు ఒక్కటే సరిపోతుంది. దొంగల భయమంటారా, గొలుసు పొడుగ్గా ఉన్నది కొనండి. ఇంకో మాట, పెట్రోల్ డబ్బాని ట్రక్కు తొట్టిలో ప్లాస్టిక్ పరుపు మీద ఉంచి నింపకండి, స్టాటిక్ నిప్పురవ్వతో అంటుకోవచ్చు. దింపి నేల మీద పెట్టి నింపాలి. మా వారు తొట్టిలోనే నింపేవారు.

మా స్నేహితులు ఒకరు ఇప్పుడు ట్రక్కులోనే జనరేటరు కలిసి వచ్చే ఫోర్డ్ హైబ్రిడ్ కొన్నారు. 7.2 కిలోవాట్లట, సాకెట్లు తొట్టిలోనే ఉంటాయట. నిజంగా బావుంది, మోతా తక్కువే. కానీ అక్కడా కరెంటు చేసేది ట్రక్కు ఇంజనే, పొగా ట్రక్కు వెనక గొట్టంలోంచే వస్తుంది. ట్రైలర్ తగిలించి ఉంటే ఆ గొట్టం ఎటు చూస్తుందో వాళ్ళని అడిగాను. ఆవిడ వెళ్ళి చూసొచ్చి మళ్ళీ ఫోన్ చేసింది.

మోత గురించి కూడా ఒక మాట. నేషనల్ పార్కుల నియమం 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదని. యోసెమిటీలోనైతే పొద్దున 7 నుంచి సాయంత్రం 7 దాకానే, అదీ పొదుపుగా నడపమంటారు. మన ఏసీ కోసం పక్క టెంటులో పసిపిల్లని నిద్ర లేపే హక్కు మనకెవరిచ్చారు? ఈ మాట అంటే "నువ్వు ఏసీ లేకుండా ఉండగలవా" అని అడిగారు. ఉండలేను. జూలైలో టెక్సస్‌లో ఎవరూ ఉండలేరు. అందుకే పెద్దవాళ్ళతో వేసవిలో వెళ్ళేటప్పుడు స్తంభం ఉన్న సైటుకి డబ్బు కట్టమంటున్నాను. పార్కింగ్ లాట్‌లా ఉంటే ఉండనీ.

అసలు నన్ను ఇంకా తొలిచేది పుస్తకం చదివి కూడా ఊరుకున్నానే, అది. ఉప్పు తక్కువైతే పదిసార్లు వాదించుకుంటాం. యంత్రం అనేసరికి "ఆయనకి తెలుసులే" అని వంటగదిలోకి వెళ్ళిపోతాం. మా వారు సాఫ్ట్‌వేరు ఇంజనీరు. ఆయనకీ తెలీదు.

పోయిన నెల ఆ పెద్ద జనరేటర్ని అమ్మకానికి పెట్టారు. చూడ్డానికి ఒక కుర్రాడు వచ్చాడు, భార్య కడుపుతో ఉంది. అంతా చూసి, "దీన్ని ట్రక్కులోనే ఉంచి నడపొచ్చా అంకుల్?" అని అడిగాడు. మా వారు అతన్ని లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టారు. నేను టీ పెట్టాను. గంటసేపు మాట్లాడుకున్నారు. బేరం కుదరలేదు.