ఇటుక బట్టీకి చేరని ఆరోగ్య కార్డు

2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా మిరప తోటల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు అడవి దారిన నడిచి బయల్దేరిన కూలీల గుంపులో పన్నెండేళ్ల బాలిక ఉంది. మూడు రోజులు నడిచింది. సొంతూరు ఇంకా కొద్ది కిలోమీటర్లు ఉందనగా ప్రాణం వదిలింది. పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. ఒంట్లో నీరు, లవణాలు తగ్గిపోవడమే కారణమై ఉంటుందని వైద్యులు చెప్పారు. ఆ ఏడాది మనం రోజూ చదివిన కరోనా మృతుల పట్టికలో ఈ పాప లేదు. మే 8న ఔరంగాబాద్ దగ్గర నడిచి నడిచి పట్టాల మీదే నిద్రపోయి, గూడ్సు బండి కింద నలిగిన 16 మందీ లేరు. కూలీలను సొంతూళ్లకు చేర్చిన శ్రామిక్ రైళ్లలో 97 మంది చనిపోయారని రైల్వే శాఖ రాజ్యసభకు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో, వలస కూలీల మరణాల లెక్క తమ వద్ద లేదని కార్మిక శాఖ లోక్‌సభకు చెప్పింది. లెక్కే లేనప్పుడు రక్షణ ఎక్కడి నుంచి వస్తుంది? మన ఆరోగ్య వ్యవస్థ కూలీని అతని సొంతూరి చిరునామాలో వెతుకుతుంది, అతనేమో ఏడాదిలో ఆరేడు నెలలు వేరే చోట ఉంటాడు. మహమ్మారి కాలంలో వలస కూలీకి వచ్చే ముప్పులో పెద్ద వాటా ఈ ఒక్క పొరపాటు నుంచే పుడుతోంది.

సింగపూర్ అనుభవం చూడండి. అక్కడి కార్మికుల డార్మిటరీల్లో ఉండేది ప్రధానంగా బంగ్లాదేశ్ నుంచి, మన దేశం నుంచి వెళ్లినవారు. ఒక్కో గదిలో పన్నెండు నుంచి ఇరవై మంది దాకా, ఒకదాని మీద ఒకటిగా మంచాలు. 2020 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం ప్రకటించిన వివరాల ప్రకారం, డార్మిటరీల్లోని 3.23 లక్షల మందిలో 47 శాతం మందికి వైరస్ సోకింది. అదే నగరంలో మామూలు ఇళ్లలో ఉన్న జనంలో సోకినవారు దాదాపు 0.25 శాతం. ఊరు ఒకటే, వైరస్ ఒకటే. తేడా అంతా పడుకునే చోట ఉంది. అయితే అక్కడ మరణాలు వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువ. వాళ్లది చిన్న వయసు కావడం అందుకు ఒక కారణం. ఎవరు ఏ గదిలో ఉన్నారో ప్రభుత్వానికి తెలియడం, పరీక్షలు, చికిత్స వాళ్లున్న చోటికే వెళ్లడం రెండో కారణం. ఏడాదికి పైగా వాళ్లను దాదాపు గేటు దాటనివ్వకపోవడం మాత్రం సమర్థించలేనిది. ఆ దేశం కార్మికుల్ని ఇరుకులో పెట్టి తప్పు చేసింది, జాబితా ఉండబట్టి ప్రాణాలు కాపాడుకుంది.

మన దగ్గర ఇరుకు ఉంది, జాబితా లేదు. పెద్దపల్లి, కరీంనగర్, రంగారెడ్డి జిల్లాల ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలాంగీర్, నువాపడా నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. పచ్చి ఇటుకలు పేర్చి పైన రేకో పట్టానో కప్పిన గుడిసెలో, నిటారుగా నిలబడే ఎత్తు కూడా లేని చోట, పిల్లలతో సహా ఉంటారు. ముందే అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్లు కాబట్టి జ్వరమొచ్చినా సీజను మధ్యలో కదలలేరు. మనవాళ్లు బయటికి వెళ్లినా ఇదే కథ. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ మత్స్యకారులు నాలుగు వేల మందికి పైగా 2020లో గుజరాత్‌లోని వెరావల్ రేవులో నెల రోజులు బోట్లలోనే ఉండిపోయారు. మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలని టీవీలు చెబుతున్న రోజులవి. బోటులో ఆరడుగులు ఎక్కడ దొరుకుతాయి?

ఇక వైద్యం సంగతి. ఆరోగ్యశ్రీ రాష్ట్రంలోని రేషన్ కార్డును పట్టుకుని నడిచే పథకం. ఒడిశా కూలీకి వర్తించదు. ఆయుష్మాన్ భారత్ రాష్ట్రాలు దాటుతుంది, అందులో 2025లో ఒడిశా కూడా చేరింది. మంచిదే. కానీ అది ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొచ్చే కార్డు. బట్టీ దగ్గర జ్వరానికి, దగ్గుకు, గర్భిణి పరీక్షలకు, పసిపిల్లల టీకాలకు అది అక్కరకు రాదు. హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో కార్డు అడగకుండా చూస్తారు, అయితే పగటిపూటే. పగలు దవాఖానాకు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది. అంటువ్యాధిని మొదట పట్టుకోవాల్సింది ఈ చిన్న వైద్యం దగ్గరే. అక్కడ కూలీ కనిపించడు గనుక, కనిపించేసరికి రోగం ముదిరి ఉంటుంది.

ఈ వాదనకు కొన్ని అభ్యంతరాలు వినిపిస్తాయి. వెంటనే తలుపులు మూయకపోతే ఇంకా ఎక్కువమంది చనిపోయేవారు, అంత హడావిడిలో కూలీల గురించి ఆలోచించే వ్యవధి ఎక్కడిది అన్నది మొదటిది. తలుపులు మూయడం అవసరమే అనుకుందాం. 2020 మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించి ఇచ్చిన వ్యవధి నాలుగు గంటలు. లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు మొదటి శ్రామిక్ రైలు కదిలింది మే 1న. మధ్యలో ఉన్న ఐదు వారాలు హడావిడి లెక్కలోకి రావు. ఆ వారాల్లో తెలంగాణ ప్రభుత్వం వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. ఆ మంచి పని కూడా పేరు రాసుకున్నవారి దాకానే వెళ్లగలిగింది. ఆ రోజుల్లో రాష్ట్రాలు బయటికి తీసిన 1897 నాటి అంటువ్యాధుల చట్టం రైలు ప్రయాణికుల్ని తనిఖీ చేసే, వేరుగా ఉంచే అధికారం ఇస్తుంది. వేరుగా ఉంచినవారికి అన్నం ఎవరు పెట్టాలో చెప్పదు.

పక్క రాష్ట్రం కూలీకి మన పన్ను డబ్బు ఎందుకు అనేవారూ ఉన్నారు. భవన నిర్మాణాలపై 1996 చట్టంతో వచ్చిన ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమానికి ఉద్దేశించిందే. 2020 మార్చి నాటికి అందులో దాదాపు 52 వేల కోట్లు ఉన్నాయని కేంద్రమే చెప్పింది. హైదరాబాద్ భవనాలు కట్టిన చేతులు ఎక్కడివైనా, ఆ సెస్సు వాటి పనిమీద వచ్చిందే. పైగా గల్ఫ్ లేబర్ క్యాంపుల్లో మన జగిత్యాల, నిజామాబాద్ వాళ్లకు మంచి గది, వైద్యం కావాలని మనం అడుగుతున్నాం. అది న్యాయమైతే ఇదీ న్యాయమే.

కూలీలు వయసులో ఉన్నవాళ్లు, వాళ్లకేమీ కాదన్న మాటను నేను ఎక్కువ భయంతో వింటాను. ఒళ్లు బాగున్నవాడే వలస పోతాడు, చెడినవాడు ఊరికి తిరిగిపోతాడు. రోగం పుట్టిన చోటి రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది, భారమంతా పాలమూరు, బలాంగీర్ ఇళ్ల మీద పడుతుంది. క్షయ దీనికి ఉదాహరణ. దేశంలో 2019లో నమోదైన కేసులు దాదాపు 24 లక్షలు, 2020లో 18 లక్షలు. జబ్బు తగ్గి కాదు, పరీక్షలు ఆగిపోయి. క్షయకు మందులు ఆరు నెలలు వాడాలి, బట్టీ సీజనూ ఇంచుమించు అంతే. ఒక ఊళ్లో మొదలైన మందులు ఇంకో ఊళ్లో ఆగిపోతే మొండి క్షయ పుడుతుంది.

గుత్తేదారు వసతి, ఉచిత వైద్యం ఇవ్వాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఎప్పుడో చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్, ఐదుగురు కూలీలుంటే చాలన్న పరిమితిని పదిమందికి పెంచింది; చిన్న గుంపులు చట్టం బయట మిగిలాయి. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేసే ఈ-శ్రమ్‌లో 30 కోట్ల మందికి పైగా పేర్లున్నాయి, కానీ ఈ రోజు ఎవరు ఏ బట్టీలో ఉన్నారో పీహెచ్‌సీకి తెలియదు. జిల్లా కలెక్టర్లు చేయగలిగిన పని ఒకటుంది. పంచాయతీ వారీగా బట్టీల, నిర్మాణ స్థలాల జాబితా తయారు చేసి ఆశా కార్యకర్తలకు ఇవ్వాలి, వారానికి ఒక సాయంత్రం వైద్య సిబ్బందిని అక్కడికి పంపాలి. దీపావళి దాటితే బలాంగీర్ కుటుంబాలు మళ్లీ రైలు దిగుతాయి. ఆ జాబితా అంతకుముందే సిద్ధం కావాలి.