ప్రేమ నవలకు పితికిపప్పు వడ్డిద్దాం

ప్రేమ నవల చదివి, అందులో వాళ్ళు తిన్నదేదో మన వంటింట్లో చేసి చూడటం మంచి సరదా. మేమూ చేస్తుంటాం. అయితే కోలారు జిల్లా తెలుగువాళ్ళం ఆ పని చేసేటప్పుడు నవల్లోని వంటకాన్ని మక్కికి మక్కి దించకుండా, సన్నివేశాన్ని మాత్రం తీసుకుని అందులో మన వంటకం పెట్టాలని మా అభిప్రాయం. ఎందుకో చెప్తాం.

మేము చదివింది కన్నడ మీడియం. బళ్ళో తెలుగు లేదు. మాకు తెలుగు చదవడం వచ్చింది అవ్వ ట్రంకుపెట్టెలోని నవలల వల్లే. రెండు లిపులూ ఒకే పాత లిపి నుంచి వచ్చినవి కాబట్టి, తలకట్టు తేడా పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. అలా కూడబలుక్కుంటూ చదివినవాటిలో యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ', 'మీనా' ఉన్నాయి. 'మీనా' 1973లో, 'సెక్రటరీ' 1976లో సినిమాలుగా కూడా వచ్చాయి. జయంతి, రాజశేఖరం మా ఇంట్లో చుట్టాల లెక్క.

ఆ నవలలు మాకు భాష ఇచ్చాయి. దాంతోపాటు ఒక అనుమానం కూడా పెట్టాయి. మేడలు, కార్లు, కాఫీ కప్పులు ఉన్నచోటే ప్రేమ పుడుతుందా? సంగటి గిన్నె పక్కన పుట్టదా? సులోచనారాణి గారు కృష్ణా జిల్లా మనిషి, ఆమెకు తెలిసిన లోకం ఆమె రాశారు. అందులో తప్పేమీ లేదు. కానీ పుస్తకంలో లేనిది తక్కువది అనుకోవడం మన దగ్గర మొదలైంది. ఇప్పుడు మా ఇళ్ళల్లో పిల్లలు 'సంగటి' అనడానికి మొహమాటపడి 'రాగి బాల్' అంటున్నారు. అనపగింజలు అంటే వాళ్ళకు తెలీదు, 'అవరేకాళు' అంటే తెలుసు. కన్నడ మాట రావడం మంచిదే. తెలుగు మాట పోవడమే మా బాధ.

ఈ విషయంలో దారి చూపించే నవల ఒకటుంది. మెక్సికో రచయిత్రి లారా ఎస్కివెల్ 1989లో రాసిన 'లైక్ వాటర్ ఫర్ చాకలెట్'. పన్నెండు అధ్యాయాలు, నెలకొకటి, ఒక్కోదానికి ఒక వంట. కడగొట్టు కూతురు టీటాకు పెళ్ళి చేసుకునే హక్కు లేదు, తల్లికి సేవ చేయాలి. ప్రేమించిన పేద్రో ఇచ్చిన గులాబీలతో ఆమె కౌజుపిట్టల కూర చేస్తుంది. పాత వంట ప్రకారం అందులో ఫెజెంట్ పక్షులు వేయాలి. అవి వాళ్ళ ఇంటి దగ్గర లేవు. ఉన్న కౌజుపిట్టలతోనే చేసింది. చదివినవాళ్ళు కౌజుపిట్టలు వెతుక్కుంటూ పోతారు గానీ, టీటా నేర్పింది ఇంట్లో ఉన్నదాంతో వండమనే.

మరి మన ఇంట్లో ఏముంది? చలికాలం వస్తే అనపకాయలున్నాయి. గింజలు ఒలిచి, రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పితికితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు ఎగిరి పళ్ళెంలో పడుతుంది. ఒక్కరే కూర్చుంటే తెమిలే పని కాదిది. నలుగురు చుట్టూ కూర్చోవాలి. మాటలు నడవాలి. ఎవరి పప్పు ఎవరి మీద పడిందో అని నవ్వుకోవాలి. ఇద్దరు మనుషులు దగ్గరయ్యే సన్నివేశానికి ఇంతకన్నా ఏం కావాలి? ధనియాలు, ఎండుమిరప, కొబ్బరి, వెల్లుల్లి నూరి వేసి ఉడికిస్తే ఆ వాసన వీధి చివరిదాకా పోతుంది. పక్కన వేడి సంగటి ముద్ద ఉంటే చాలు.

బంగారు గనుల ఊళ్ళో అయితే ఇంకో రకం కథ. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మారికుప్పం నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు ఉద్యోగాలకు పోయే బతుకు చాలామందిది. అక్కడి పిల్లల ప్రేమ నవల ఎవరన్నా రాస్తే కాఫీ ట్రే కన్నా బంగారుపేట పానీపూరీ ముందు రావాలి. మంచినీళ్ళలాగా తేటగా ఉండి, నోట్లో పడగానే కళ్ళనీళ్ళు తెప్పించే ఆ పానీ ఇంకెక్కడ దొరుకుతుంది?

"నవల్లో లేనిది వండితే అది నవల వంట ఎట్లయితుంది?" అని మా ఇంట్లోనే అడిగారు. మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. స్క్రీన్ బొమ్మలో ఉన్నట్టే ఉందా అన్నది చూస్తాం. అంతకన్నా ముందు, వాడేవాళ్ళకు పని జరిగిందా అన్నది చూస్తాం. నవల్లో ఆ కాఫీ కప్పు చేసే పని ఏమిటి? 'నువ్వు తిన్నావా, తాగావా అని నాకు పట్టింపు ఉంది' అని నోరు విప్పకుండా చెప్పడం. ఆ పని సంగటి ముద్ద కూడా చేస్తుంది.

ఈ సంక్రాంతికి మీకు నచ్చిన నవల ఒకటి తీయండి. నచ్చిన సన్నివేశంలో మీ ఇంటి వంటకం ఒకటి పెట్టి వండండి. వండాక దాని పేరు, చేసే విధానం మీ అవ్వ ఎట్లా పలుకుతుందో అట్లాగే తెలుగు అక్షరాల్లో రాసి పెట్టండి. పక్కన కన్నడలోనూ రాయండి, రెండూ మనవే. పిల్లలకు తెలుగు చదవడం వచ్చాక వాళ్ళకు దొరికే మొదటి పుస్తకం అదే అయినా మంచిదే.